దాదా రేడియో మీద మూడు పొరలు

తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఉర్దూ తెలిసినవాళ్ళకి ఆ లఫ్జ్ వినగానే రెక్కలూ రంగులూ గుర్తుకొస్తాయి. మా కాశీబుగ్గలో మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ గుండె జారుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫానుకి పాకిస్తాన్ ఇచ్చిన పేరు అది. ఉద్దానం కొబ్బరినీ జీడి తోటల్నీ వేళ్ళతో సహా పెకిలించి పోయింది.

ఆ రాత్రి మా ఇంటి పెంకులు లేచిపోయాయి. బియ్యం, సర్టిఫికెట్లు, అమ్మీ మందులు కాపాడుకున్నాం. దాదా రేడియో సంగతి తెల్లారాక గుర్తొచ్చింది. అది పాత వాల్వుల రేడియో. చెక్క పెట్టె, ముందు స్పీకర్ మీద ముతక గుడ్డ, కింద తిప్పే మరలు. రేడియో పెట్టుకోవడానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే జమానాలో దాదా కొన్నది. ఆకాశవాణి ఉర్దూ సర్వీసు, రేడియో సిలోన్ అన్నీ మా ఇంట్లోకి ఆ పెట్టె లోంచే వచ్చాయి. నాకు ఊహ తెలిసేసరికే దాని గొంతు పోయింది. అయినా అమ్మీ ప్రతి జుమ్మా రోజున దాని మీద దుమ్ము తుడిచేది. తుఫాను రాత్రి దాని కుడి పక్క చెక్క తడిసి, పొరలు పొరలుగా ఉబ్బి ఊడిపోయింది.

కొన్నేళ్ళు అలాగే అటక మీద పడి ఉంది. ఈ మధ్య ధైర్యం చేసి వడ్రంగి చేత కుడి పక్కకి కొత్త చెక్క వేయించాను. మిగిలింది రంగే కదా అనుకున్నాను. బజారుకి పోయి 'మహాగని' అని రాసి ఉన్న డబ్బా తెచ్చి రెండు పూతలు పూశాను. ఆరాక చూస్తే కొత్త పక్క పాకం ముదిరిన బెల్లంలా ఉంది. మిగతా పెట్టె తేనె రంగులో, అంచుల దగ్గర మాత్రం ముదురుగా ఉంది. అమ్మీ కాసేపు చూసి, "యే తుమ్హారే దాదా కా రేడియో నహీఁ హై" అని లోపలికి పోయింది.

ఆ మాట తగిలింది. టెక్కలి వైపు ఓ ముసలి పాలిష్ మేస్త్రీ ఉన్నాడని తెలిసి, పెట్టెను ఆటోలో వేసుకుని పోయాను. ఆయన నా పనితనం చూసి నవ్వాడు.

"ఏటి బావూ ఇది? రంగు డబ్బాలో దొరికేస్తాదనుకున్నావేటి?"

"మహాగని అని రాసుంది తాతా."

"రాతకేటి, రాస్తారు. ఈ పెట్టి ఏ కాలందో, దీని మీద ఎవులెవులు ఏటేటి పూసేరో తెలకుండా రంగు కలపలేం."

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. చరిత్ర వ్యాసాలు రాసుకునే నన్ను ఓ పాలిష్ మేస్త్రీ తారీఖ్ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన పెట్టె అడుగున, ఎవరికీ కనబడని చోట దూదితో ఓ చుక్క స్పిరిట్ పెట్టాడు. నిమిషంలో అక్కడ పూత మెత్తబడి వేలికి అంటుకుంది. "ఇది చపడా" అన్నాడు. దాన్ని తుడిచేసి మళ్ళీ స్పిరిట్ పెట్టాడు. ఈసారి ఏమీ కాలేదు. థిన్నర్ పెడితే కరిగింది. "ఇది లాకరు. కంపినీ వోళ్ళు కొట్టింది." దాని కింద చెక్క. ఒకే రంగు అని నేను అనుకున్నది మూడు పొరలు. ఇంటికొచ్చి అమ్మీని అడిగితే, ఆపా షాదీకి ముందు అబ్బా ఇంట్లో సామానంతటికీ పాలిష్ చేయించాడని, అప్పుడే రేడియోకి కూడా పట్టించి ఉంటాడని చెప్పింది. పై పొర అబ్బాది. మధ్య పొర కంపెనీది. కింది పొర ఏ అడవిదో. ఆ మూడింటి వెనకాల పోతే నాకు దొరికిన దాస్తాన్ ఇది.

*

పై పొరతో మొదలుపెడదాం. చపడా అంటే లక్క. మనం లక్క అనేది, ఉర్దూలో లాఖ్ అనేది ఒక చిన్న పురుగు చెట్టు కొమ్మ మీద రసం పీల్చి తన చుట్టూ కట్టుకునే గూడు. లక్షల పురుగులు ఒకేచోట పుడతాయి కాబట్టే ఆ పేరు వచ్చిందంటారు. మహాభారతంలో పాండవుల కోసం కట్టిన ఇల్లు ఈ లక్కతోనే. ఆ పురుగు ఇష్టపడే చెట్లలో ముఖ్యమైనవి కుసుమ్, రేగు, పలాశం. పలాశమంటే మన మోదుగ. పలాస స్టేషన్ బోర్డు కింద వేలసార్లు నిలబడిన నాకు ఆ పేరుకీ మా ఇంటి రేడియో మెరుపుకీ మధ్య ఒక చెట్టు ఉందని ఇన్నాళ్ళూ తట్టలేదు. 1757లో సిరాజుద్దౌలా ఓడిపోయిన ప్లాసీ అసలు పేరు కూడా పలాశీనే, ఈ చెట్ల వల్లే.

లక్క సాగు చేసేవాళ్ళు పంటను రెండు రకాలుగా చెబుతారు. కుసుమ్ చెట్టు మీద పండేది కుసుమీ. మోదుగ, రేగు చెట్ల మీద పండేది రంగీనీ. కుసుమీ లక్క లేత రంగుది, రంగీనీ కాస్త ముదురుది. అంటే పాలిష్ మేస్త్రీ సీసా తెరవకముందే చెట్టు సగం రంగు నిర్ణయించేసింది.

లక్కలో రంగు కలిపి చెక్కకి పూయడం మనకి కొత్త హునర్ కాదు. అక్బర్ కొలువులో అబుల్ ఫజ్ల్ 16వ శతాబ్దం చివర్లో రాసిన 'ఆయినె అక్బరీ'లో ఇంటి సామాన్ల లెక్కల మధ్య వెదురు చిక్‌లకి పూసే లక్క హిసాబ్ కూడా ఉంది. ఎరుపు కావాలంటే నాలుగు సేర్ల లక్కకి ఒక సేరు షింగర్ఫ్, అంటే ఇంగిలీకం. పసుపు కావాలంటే అదే నాలుగు సేర్లకి ఒక సేరు జర్నీఖ్, అంటే హరిదళం. ఏనుగులు, ఫిరంగులు, టంకశాలలు లెక్కపెట్టిన మనిషి తలుపు తెర రంగు పాళ్ళు కూడా రాసి పెట్టాడు. చక్రవర్తి ఇంట్లో ఓ చిక్ చిరిగితే, కొత్తది పాతదాని పక్కన తేడా లేకుండా వేలాడాలి కదా. రంగు జత కలపడానికి మొదటి షరతు కొలత రాసుకోవడమే.

ఆ పద్ధతి ఇంకా బతికే ఉన్న చోటు మనకి దగ్గర్లోనే ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మధ్యలో బజారు రంగులు వచ్చి పసుపు, నీలి, జాఫ్రా గింజల్లాంటి పాత రంగుల్ని తరిమేశాయి. వాటిని మళ్ళీ వెతికి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

కంపెనీ జమానాలో లక్క ఎర్ర రంగుకి ఇంగ్లాండులో గిరాకీ ఉండేది. ఉన్ని బట్టలకు దాన్ని పట్టించేవారు. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు తారు సరుకు నుంచి కృత్రిమ రంగు తీశాడు. అక్కడినుంచి లక్క రంగు ధందా కుప్పకూలింది. మిగిలింది జిగురు. దానికి మాత్రం రోజు రోజుకీ గిరాకీ పెరిగింది. స్పిరిట్‌లో కరిగించి, మల్‌మల్ గుడ్డలో దూది మూట కట్టి చెక్క మీద సున్నాలు చుడుతూ రుద్దే పద్ధతి 19వ శతాబ్దం మొదట్లో యూరప్ అంతా పాకింది. దానికి 'ఫ్రెంచి పాలిష్' అని పేరు పెట్టారు. సరుకు మాత్రం ఎక్కువగా మన అడవుల నుంచే పోయేది.

ఆ సరుకు ఎలా తయారయ్యేదో కూడా చెప్పాలి. మీర్జాపూర్ లాంటి చోట్ల కారీగర్లు దంచి కడిగిన లక్కను పొడుగాటి గుడ్డ సంచిలో పోసి, కొలిమి ముందు మెలి తిప్పేవారు. గుడ్డ లోంచి కారిన వేడి ముద్దను రేకులా పరిచి, చల్లారేలోగా ఒక మనిషి రెండు చేతులతో, కాలి వేళ్ళతో, పళ్ళతో కూడా పట్టుకుని పల్చగా సాగదీసేవాడు. లండన్ డ్రాయింగ్ రూముల్లో బల్ల మీద ముఖం కనిపించేంత నునుపు వెనకాల ఆ పళ్ళున్నాయి. పాలిష్ పేరులో ఫ్రాన్స్ ఉంది, ఆ మజ్‌దూర్ ఎక్కడా లేడు.

గ్రామఫోన్ రికార్డులు కూడా లక్కవే. లక్కలో రాతిపొడి కలిపి ఒత్తేవారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినవి అలాంటి పళ్ళేల మీదే ఊరూరా తిరిగాయి. 1942లో జపాన్ బర్మాను పట్టుకుంది. అప్పటికే యుద్ధంలో ఉన్న అమెరికా తమ రికార్డు కంపెనీలు వాడుకునే లక్కను గట్టిగా కోసేసింది. అదే 1942లో మన బారువ, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి రంగం పోయిన తెలుగువాళ్ళు కాలినడకన కొండలు దాటి ఇంటిముఖం పట్టారు. రంగం అంటే రంగూన్. మన తీరంలో ఆ ఊరికి అదే పేరు.

*

ఇక మధ్య పొర. మొదటి ప్రపంచయుద్ధంలో మందుగుండు కోసం పత్తిని నైట్రిక్ ఆమ్లంతో కలిపి గుట్టలుగా తయారుచేశారు. యుద్ధం ఆగింది, ఫ్యాక్టరీలు మిగిలాయి. అదే సరుకును ఇంకో రకంగా కరిగించి అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ 1923లో 'డ్యూకో' అనే పూతను బజారులోకి తెచ్చింది. అంతకుముందు కారుకి వేసిన వార్నిష్ ఆరడానికి వారాలు పట్టేది. ఇది గంటల్లో ఆరింది. కార్ల నుంచి అలమారలకి, అక్కడినుంచి రేడియో పెట్టెలకి పాకింది. మన వడ్రంగులు ఈనాటికీ పిచికారీ చేసే ఏ రంగునైనా 'డ్యూకో' అనేది అందుకే.

ఇక్కడే నా డబ్బా ఓడిపోయింది. కంపెనీవాళ్ళు రేడియో పెట్టెలకి రంగును చెక్కలోకి ఇంకనివ్వలేదు. లాకరులోనే రంగు కలిపి పైన కొట్టారు. అంచుల దగ్గర ఇంకో విసురు ఎక్కువ కొట్టి ముదురు చేశారు. నేనేమో రంగును తిన్నగా చెక్కకి తాగించాను. చెక్క నారల్లోకి పోయి అది నల్లబడింది. రంగు ఒకటే అయినా అది ఉండే చోటు మారితే కంటికి వేరేగా కనిపిస్తుంది. పైగా ఈ లాకరు ఏళ్ళు గడిచే కొద్దీ పసుపు తిరుగుతుంది. దాని మీద అబ్బా పట్టించిన చపడా ఇంకో తేనె ఛాయ. దాదా కొన్ననాటి రేడియో ఇప్పుడున్న రంగులో లేనే లేదు. అమ్మీకి యాద్ ఉన్నది కంపెనీ రంగు కాదు, ఎండా పొగా చేతులూ అబ్బా పాలిష్ కలిసి తయారైన రంగు.

*

కింది పొర చెక్క. నా డబ్బా మీద 'మహాగని' అని ఉందని చెప్పాను కదా. మహాగని కరీబియన్ దీవుల చెట్టు. అక్కడ గులాముల చేత కొట్టించిన దుంగలు 18వ శతాబ్దంలో ఇంగ్లాండుకి పోయి, అమీరుల ఇళ్ళలో బల్లలయ్యాయి. కొనలేనివాళ్ళు చవక చెక్కకి ఎర్ర గోధుమ రంగు పూసి మహాగని అనిపించుకున్నారు. మొక్క కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి 1795లో వచ్చింది. అసలు చెట్టు కంటే దాని రంగే లోకమంతా తిరిగింది.

ఫ్రెంచి భాషలో మహాగనిని 'అకజు' అంటారు. ఆ మాట బ్రెజిల్‌లోని తుపీ జనాల నుంచి వచ్చింది. వాళ్ళు అకజు అన్నది వేరే చెట్టుని. పోర్చుగీసువాళ్ళు దాన్ని కజు అన్నారు, 16వ శతాబ్దంలో మన పడమటి తీరానికి తెచ్చి నాటారు. మనం కాజు అన్నాం. అదే మన జీడిమామిడి. అంటే పలాసలో కూర్చుని నేను మహాగని రంగు కోసం వెతుకుతుంటే, ఆ పేరు మా పెరట్లో కాయలు కాస్తోంది.

పేరొక్కటే కాదు. జీడిపిక్క గుల్ల బరువులో దాదాపు నాలుగో వంతు నూనె ఉంటుంది. నల్లగా, చిక్కగా, చర్మం మీద పడితే కాల్చే నూనె. చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి, అదే ఉర్దూలో భిలావాఁ, దీని చుట్టమే. మామిడి సొన కూడా ఆ ఖాందాన్‌దే. జపాన్‌లో వేల ఏళ్ళుగా గిన్నెలకీ పెట్టెలకీ పూసే ఉరుషి చెట్టు పాలు కూడా. ఆ పాలు దొరకడం కష్టం, ధర ఎక్కువ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌వాళ్ళు జీడి గుల్ల నూనెతో ఉరుషిలా కనిపించే పూత తయారుచేశారు. దాన్ని వాళ్ళు 'కాషూ' అనే పిలుస్తారు. ఇళ్ళలో పెట్టుకునే బౌద్ధ పూజాపీఠాలకి, బల్లలకి పూస్తారు. కొత్త పూతను పాత పూతతో జత కలిపే ఇంత పెద్ద కథలో కాజు పేరు నిలబడిందంటే ఒక క్షణం నాకు ఫఖ్ర్‌గా అనిపించింది.

మరుక్షణం మా వీధి ఖాలాల చేతులు గుర్తొచ్చాయి. పలాస, కాశీబుగ్గ కార్ఖానాల్లో పిక్క కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి. కాల్చినా ఆవిరికి ఉడికించినా గుల్లలో నూనె మిగిలే ఉంటుంది. బూడిదో నూనెో రాసుకుని కూర్చున్నా గోళ్ళ చుట్టూ నలుపు పట్టేస్తుంది, తోలు ఊడుతుంది. షాదీల్లో మెహందీ పెట్టుకున్నా కింద ఆ నలుపు కనిపిస్తూనే ఉంటుంది. వార్నిష్‌లో, వాహనాల బ్రేకుల్లో వాడే ఈ సరుకు చెక్క మీద పడితే హునర్ అంటాం. వాళ్ళ వేళ్ళ మీద పడితే దాగ్ అంటాం. లక్కను పళ్ళతో సాగదీసిన మీర్జాపూర్ మనిషి దగ్గర్నుంచి ఇక్కడిదాకా హిసాబ్ ఒక్కలాగే ఉంది.

*

మేస్త్రీ తాత ఏం చేశాడో చెప్పి ముగిస్తాను. ముందు నేను పూసిందంతా గీకించాడు. కొత్త పలక మీద తిన్నగా చెయ్యి పెట్టలేదు. దాన్నుంచి కోసిన ముక్క ఒకటి తీసుకుని, దాని మీద ఐదారు పట్టీలు వేశాడు. మొదట పెట్టెలో అన్నిటికంటే లేత ఛాయ ఎక్కడుందో వెతికి అక్కడినుంచి మొదలుపెట్టాడు. "ముదురు సెయ్యొచ్చు బావూ, మళ్ళీ లేత సెయ్యలేం." స్పిరిట్ లీటరుకి 140 గ్రాముల చపడా సర్కారీ కొలత. ఆయన అంతకంటే పల్చగా కలిపాడు. రంగుకి గేరు, పచ్చమట్టి, చిటికెడు కాజల్, ఇంకా హిర్మిచ్. ఆ ఎర్రమట్టి పేరు హుర్ముజ్ దీవి నుంచి వచ్చిందని నాకు ఉర్దూ వల్ల తెలుసు, ఆయనకి చెయ్యి వల్ల తెలుసు. ప్రతి పట్టీ మీదా పైపూత కూడా వేసి ఆరనిచ్చాకే పోల్చాడు, ఎందుకంటే తడి మీద కనిపించే రంగు ఆరాక ఉండదు.

రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద మూడో పట్టీ అచ్చం కుదిరింది. నేను సంబరపడ్డాను. పొద్దున్న వాకిట్లో చూస్తే అది పచ్చగా కొట్టింది. రెండు రంగులు ఒక వెలుగులో ఒకటై, ఇంకో వెలుగులో విడిపోవచ్చు. "మీ ఇంట్లో ఇది యాడ పెడతారు?" అని అడిగాడు. కిటికీ పక్కన అన్నాను. కిటికీ వెలుగులోనే మళ్ళీ కలిపాడు. ఐదో పట్టీ నిలిచింది. పలక మీద ముందు పల్చని రంగు, ఆరాక లాకరు, దాని పైన రంగు కలిపిన చపడా. పాత పెట్టె మీద ఉన్న వరసే.

మా భాయ్ మాత్రం, "ఇంత మెహనత్ ఎందుకు, మొత్తం గీకి పీయూ కొట్టించేస్తే తళతళలాడేది కదా" అన్నాడు. తళతళలాడేది, నిజమే. దాదా కొన్నదీ, అబ్బా రుద్దించిందీ రెండూ పోయేవి.

ఇప్పుడు రేడియో కిటికీ పక్కన ఉంది. మూడడుగుల దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి పోతే తెలుస్తుంది, కొత్త పలక నారలు వేరు. అమ్మీ వచ్చి చేత్తో తడిమి, మొదట ఎడమ పక్క, తర్వాత కుడి పక్క, ఏమీ అనలేదు. జుమ్మా రోజున గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

మూత బిగించే ముందు కొత్త పలక లోపలి వైపు పెన్సిల్‌తో రాసిపెట్టాను. తిత్లీ, 2018 అక్టోబర్ 11. కింద చపడా, గేరు, పచ్చమట్టి, హిర్మిచ్, కాజల్, ఎన్నెన్ని పాళ్ళో. దాని కింద మేస్త్రీ తాత పేరు. రేపు ఈ పెట్టె ఎవరి చేతిలో పగిలినా, వాళ్ళని ఎవరైనా తారీఖ్ అడిగితే జవాబు ఉండాలి.